సిస్టర్‌గారు అడగమన్న ప్రశ్నలు

పోయిన సోమవారం పిల్లలకి టీకాలు వేస్తుంటే చీరాల నుంచి టెలిగ్రాం వచ్చింది. మా సిస్టర్‌గారు పోయారు. గుండె ఆగిందట. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆవిడ గురించి మంచి మాటలు చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

వినుకొండ దగ్గర పల్లెలో మా ఆరోగ్య కేంద్రం. నర్సు ట్రైనింగ్ అవగానే ఆవిడ చేతి కింద చేరాను. పొట్టి మనిషి. తెల్లచీర మోకాళ్ళ దాకా ఎర్రమట్టి అయినా, గోళ్ళు మాత్రం ఎప్పుడూ శుభ్రంగా ఉండేవి. ఆడవాళ్ళతో మాట్లాడాలంటే ముందు అత్తగార్ని ఏదో ఒక పని చెప్పి బయటికి పంపేవారు. తర్వాత ఆ పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి చూసి, అప్పుడు అడగడం మొదలుపెట్టేవారు.

పత్తిని తెల్లదోమ తినేసిన ఏడు, పట్నం నుంచి డాక్టర్లు కొత్త పద్ధతి తెచ్చారు. మందు నింపిన అగ్గిపుల్లంత మెత్తటి గొట్టాలు ఆరు, మోచేతికి పైన చర్మం కింద పెడతారు. ఐదేళ్ళు కడుపు రాదు. ఇంకా పరీక్షలో ఉన్న మందు. అందరికీ పెట్టకూడదు. కామెర్లు వచ్చినవాళ్ళకీ, రొమ్ములో గడ్డ ఉన్నవాళ్ళకీ, ఎందుకో తెలియకుండా రక్తం కనపడేవాళ్ళకీ, కడుపుతో ఉన్నారేమో అని అనుమానమున్నవాళ్ళకీ వద్దన్నారు. అవన్నీ అడిగి కాగితం నింపాల్సింది మేము.

"కామెర్లు వచ్చాయా అంటే రాలేదంటారమ్మాయ్. పసరు తాగావా అని అడుగు. అప్పుడు చెప్తారు" అని నేర్పారు సిస్టర్‌గారు.

క్యాంపు రోజున ఆవిడ పక్క ఊళ్ళో కష్టమైన కాన్పు దగ్గర ఇరుక్కుపోయారు. వరండా నిండా ఆడవాళ్ళు. మిరపకోతలకి పోవాలని తొందర. డాక్టర్లు గడియారం చూసుకుంటున్నారు. కోటమ్మ అనే మనిషి, చంకలో ఏడాది పిల్ల, నా ఎదురుగా కూర్చుంది. పేరు రాసుకున్నాను. మిగతా గళ్ళన్నిటిలో పైనుంచి కిందికి 'లేదు' అని రాసేశాను. తలెత్తి చూడను కూడా లేదు.

మధ్యాహ్నం సిస్టర్‌గారు ఆయాసపడుతూ వచ్చారు.

"అన్నీ అడిగావా?"

"అడిగానండీ."

నా మొహం ఒక్కసారి చూసి, నమ్మి, సంతకం పెట్టారు.

మూడు వారాలకి కోటమ్మ కళ్ళు పసుపురంగుకి తిరిగాయి. నీళ్ళు తాగినా వాంతులే. తీరా చూస్తే అంతకు రెండు నెలల ముందే కామెర్లు వచ్చి, పసరు తాగిందట. సిస్టర్‌గారే ఆమెని బస్సులో గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, గొట్టాలు తీయించి, పది రోజులు అక్కడే ఉన్నారు. ఆ గొట్టాల వల్లే తిరగబెట్టిందని చెప్పలేం, కాదనీ చెప్పలేం, కానీ పెట్టకుండా ఉండాల్సింది అన్నారట అక్కడి డాక్టర్లు. కోటమ్మ బతికింది. రెండు నెలలు మంచం దిగలేదు. పిల్లకి పాలు ఆగిపోయి పుల్లలా అయింది.

విచారణకి అధికారి వచ్చాడు. "ఈ కాగితం నింపిందెవరు?" అని అడిగాడు. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను.

"సంతకం నాదండీ" అన్నారు సిస్టర్‌గారు.

ఆవిణ్ణి చీరాల దగ్గర వాడరేవు వైపు బదిలీ చేశారు. బస్సెక్కించడానికి వెళ్ళి ఏడ్చాను.

"నీ పేరు చెప్పలేదని సంబరపడకు. చెప్తే నీ ఉద్యోగం పోయేది, అంతే. ఈసారి నుంచి అడుగు" అన్నారు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. తర్వాత రెండు ఉత్తరాలు రాశాను. రెంటిలోనూ ఆ సంగతి తప్ప అన్నీ రాశాను.

టెలిగ్రాం అందిన రోజే చీరాల వెళ్ళాను. చూడాల్సిన వాళ్ళందరూ చూసి వెళ్ళాక, గుమ్మం పక్కన మెట్ల మీద ఒకామె ఒంటరిగా కనిపించింది. కోటమ్మ. ఊళ్ళో విని నా వెనక బస్సుకి వచ్చిందట. పక్కన కూర్చున్నాను.

"కోటమ్మా, ఆ రోజు కాగితం నింపింది సిస్టర్‌గారు కాదు. నేను. నిన్నేమీ అడక్కుండానే రాసేశాను."

ఆమె నా వైపు తిరగలేదు.

"తెలుసులేమ్మా. నా ఎదురుగా కూర్చుంది నువ్వేగా" అంది.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తానన్నాను. సిస్టరమ్మగారే వద్దంది. చిన్నపిల్ల, తనే చెప్పుద్ది, అప్పటిదాకా ఆగమంది."

వాకిట్లో ఎవరో బిందెతో నీళ్ళు కుమ్మరించారు. కోటమ్మ వీధివైపే చూస్తూ కూర్చుంది. ఎడం మోచేతికి పైన, రవిక అంచు కింద ఉన్న చిన్న మచ్చ మీద బొటనవేలు మెల్లగా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.