సైరన్ వినగానే కూర్చున్నారు

నేను గోదావరిఖనిలో ఒక బడిలో టీచర్‌ని. పోయిన చలికాలం, కాస్త ధైర్యం అలవడుతుందని మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ఎనిమిది మందిని హిమాచల్‌కు స్కీయింగ్ నేర్పించడానికి తీసుకెళ్లాం.

మూడో రోజుకు ఏడుగురు మంచు మీద జారడం నేర్చుకున్నారు. శ్రావణి మాత్రం వాలు పై అంచులోనే నిలబడిపోయేది. "నాతోని కాదు టీచర్, భయమైతుంది" అనేది.

ఆ మధ్యాహ్నం మిగతావాళ్లు వాలు మధ్యలో ఉండగా పైనుంచి సైరన్ మోగింది. మంచును చదును చేసే పెద్ద బండి దిగుతోంది, తప్పుకోమని దానర్థం. మా పిల్లలు ఎక్కడివాళ్లక్కడ కూర్చుని, తలమీద చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకున్నారు. మా దగ్గర బొగ్గు గనిలో బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది. రాళ్లు, దుమ్ము ఎగిరిపడతాయని అలా కూర్చోవడం వాళ్లకు నేర్పింది నేనే.

కింద నుంచి "లేవండి" అని గొంతు చించుకున్నాను. ఒక్కరికీ వినబడలేదు. కూర్చున్నవాళ్లు డ్రైవరుకు కనబడలేదేమో, బండి వస్తూనే ఉంది.

అప్పుడు శ్రావణి కదిలింది. పై నుంచి పడుతూ జారుతూ బండికీ పిల్లలకూ మధ్యకు వచ్చి చేతులు ఊపింది. బండి ఆమెకు నాలుగడుగుల దూరంలో ఆగింది.

"నువ్వెట్ల చూసినవ్ బిడ్డా" అని తర్వాత అడిగాను.

"నేను గూడ కూసున్న టీచర్. భయానికి కండ్లు మూసుకునుడు మర్సిపోయిన."

ఇప్పటికీ మా బడికి మధ్యాహ్నం సైరన్ వినిపిస్తుంది. పిల్లలను కూర్చోమనే అంటాను. కళ్లు మూసుకోమని చెప్పడానికి మాత్రం నోరు రావడం లేదు.