వాయిదా సొమ్మును మింగిన చార్జీలు

కొత్త జిల్లా ఏర్పడిన మరుసటి వేసవిలో నన్ను విజయవాడ నుంచి జగ్గయ్యపేట శాఖకు సర్వీసు మేనేజరుగా బదిలీ చేశారు. బ్యాంకులో అదే నా ఆఖరి పోస్టింగు. సర్వీసు మేనేజరంటే శాఖలో మేనేజరు తరవాతి మనిషి. అప్పులివ్వడం, పై ఆఫీసుకి జవాబు చెప్పడం మేనేజరు పని. క్యాషు, కౌంటర్లు, ఖాతాదారుల తగాదాలు నా పని. మెచ్చుకోళ్ళు ఏమైనా వస్తే ఆయన గదికి వెళ్ళేవి, తిట్లు నా బల్ల దగ్గరికి వచ్చేవి. అందులో నాకు ఫిర్యాదేమీ లేదు. జీతం ఇచ్చింది అందుకే.

చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఉండటంతో మా ఖాతాదారుల్లో రైతుల తరవాత లారీల వాళ్ళే ఎక్కువ. చాలామంది రెండూ. పొలం ఉంటుంది, పొలం మీద వచ్చింది చాలక ఫైనాన్సులో తీసుకున్న లారీ ఒకటి ఉంటుంది. వీళ్ళకొక అలవాటు ఉండేది. లారీకని విడిగా ఒక ఫోను పెట్టి, బ్యాంకు ఖాతాకి కూడా ఆ నంబరే ఇచ్చేవారు. టోలుగేటు మెసేజులు, డీజిలు మెసేజులు, బ్యాంకు మెసేజులు అన్నీ ఒకచోట పడేవి. ఆ ఫోను లారీలోనే తిరిగేది. ఓనరే లారీ నడుపుకున్నంతకాలం దానితో ఇబ్బంది లేదు.

లారీ వాయిదాల కోసం వీళ్ళు మాండేటు ఇస్తారు. ప్రతినెలా ఫలానా తేదీన నా ఖాతాలోంచి ఇంత తీసుకోండని ఫైనాన్సు కంపెనీకి ముందే రాసిచ్చే అనుమతి అది. ఆ రోజు ఖాతాలో అంత డబ్బు లేకపోతే వాయిదా తిరిగిపోతుంది. అందుకు బ్యాంకు చార్జీ వేస్తుంది. ఆ చార్జీకి కూడా డబ్బు లేకపోతే అది కంప్యూటర్లో కాచుక్కూర్చుంటుంది. తరవాత ఎప్పుడు, ఎవరు, ఎందుకోసం డబ్బు వేసినా ముందు తన వాటా లాక్కుంటుంది. ఖాతాదారుల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు బహు తక్కువ. చెప్పాలన్న ఆత్రం మా వాళ్ళకీ లేదు.

నేను చేరిన కొన్ని నెలలకి, ఒక శుక్రవారం ఉదయం, చిల్లకల్లు నుంచి నాగమణి అనే ఆవిడ వచ్చింది. నలభై లోపు వయసు. ముందురోజే మా కౌంటర్లో భర్త కోటేశ్వరరావు ఖాతాకి లారీ వాయిదా సొమ్ము కట్టి వెళ్ళింది. భర్త కొంతకాలం కిందట సిమెంటు లోడు మీద టార్పాలిన్ కడుతూ జారిపడ్డాడు. తొడ ఎముక విరిగి మంచాన ఉన్నాడు. లారీ చాలా రోజులు ఇంటి ముందే ఆగిపోయింది, వాయిదాలు తప్పాయి. ఈమధ్యే డ్రైవర్ని పెట్టి మళ్ళీ తిప్పుతున్నారు. ఈ ఒక్క వాయిదా పడితే కొంత గడువిస్తామని, లేదంటే బండి లాక్కుంటామని ఫైనాన్సు వాళ్ళు చెప్పారు. ఆవిడ తన చీటీని నష్టానికి పాడి, సరిగ్గా వాయిదాకి ఎంత కావాలో అంతే తెచ్చి కట్టింది. ఆ ఉదయం ఫైనాన్సు కంపెనీ నుంచి ఫోను. వాయిదా మళ్ళీ తిరిగిపోయిందట.

నేను ఖాతా తెరిచి చూశాను. కట్టిన డబ్బులోంచి పాత చార్జీలు పోయాయి, ఆ మేరకు వాయిదాకి తక్కువ పడింది. చూసింది చూసినట్టు ఆవిడకి చెప్పే అధికారం నాకు లేదు. ఖాతా వివరాలు ఖాతాదారుకి తప్ప భార్యకైనా చెప్పకూడదు. ఆ మాటే చెప్పాను.

ఆవిడ గొంతు పెంచలేదు. "డబ్బు కట్టించుకునేటప్పుడు నువ్వెవరు అని అడగలేదు గదండీ. కట్టాక ఎందుకు అడుగుతున్నారు?" అంది.

నా సర్వీసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. జవాబు లేని మాటకి నాకు చిరాకు వస్తుంది. ఆ చిరాకు ఆవిడ మీద కాదని నాకు తెలుసు. ఖాతాదారు సంతకంతో ఫిర్యాదు, తన తరఫున భార్య మాట్లాడుతుందని ఒక అధికార పత్రం ఉంటే అన్నీ చెప్పవచ్చునని వివరించాను. ఆయన కదల్లేడు, ఖాతాలో ఉన్న నంబరుకి ఫోను చేసి ఆయన మాట తీసుకుందామన్నా అది లారీతో పాటు విజయవాడలో ఉంది. మరునాడు రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. ఏం జరిగినా సాయంత్రంలోపు జరగాలి.

మంచాన పడిన ఖాతాదారు ఇంటికి అధికారి వెళ్ళి సంతకం తీసుకునే పద్ధతి మా బ్యాంకులో ఉంది. మేనేజరు ముప్పై దాటని యువకుడు, మర్యాదస్తుడు, ఆడిట్ అంటే మాత్రం ప్రాణభయం. నియమం చూపిస్తే ఒప్పుకున్నాడు. నాగమణితో ఆటో ఎక్కి చిల్లకల్లు వెళ్ళాను.

కోటేశ్వరరావు నన్ను చూసి లేవబోయి, లేవలేక, ఆ కోపం భార్య మీద చూపించాడు. "మేడమ్ గారిని ఇంటిదాకా ఎవరు తీసుకురమ్మన్నారే నిన్ను?" అన్నాడు. నేను విషయం చెప్పి కాగితాలు ముందు పెట్టాను. చార్జీలు పోయాయని విన్నాక ముఖం నల్లబడింది. వాయిదాలు తప్పాయని ఆయనకి తెలుసు. అవి వెంట చార్జీలు తెస్తాయని తెలియదు. బ్యాంకు పంపిన మెసేజులన్నీ లారీ ఫోనులో టోలుగేటు మెసేజుల మధ్య పడి ఉన్నాయి. డ్రైవరు వాటిని తెరవనే లేదు.

"నేను సంతకం పెట్టనండి," అన్నాడు. "కాలిరిగింది, డబ్బుల్లేవు, దయచూడండి అని ఎవరికీ రాసేది లేదు. ఊళ్ళో ఇప్పటికే నన్ను చూసి నవ్వుతున్నారు."

"దయచూడమని రాయొద్దు. ఎందుకు కోశారో చెప్పమని రాయండి," అన్నాను. "లోడు సరిగ్గా ఉన్న బండికి ఓవర్‌లోడని చలానా రాస్తే, మాట్లాడకుండా కట్టేసి వస్తారా మీరు?"

నాగమణి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "చీటీ పాడింది నేనండీ," అంది భర్తతో. "ఆ డబ్బు ఏమైందని అడిగే హక్కు నాకు లేదంట. మీకుందంట. మీరేమో అడగనంటున్నారు. ఇంకెవరు అడగాలి?"

ఆయన గోడవైపు తిరిగాడు. నాకు నిజంగా కోపం వచ్చింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అంతలో ఆయన ఫోను మోగింది. డ్రైవరు. విజయవాడలో లోడు దించి ఖాళీ బండితో బయల్దేరాడట. "అన్నా, ఇబ్రహీంపట్నం కాడ్నించి ఇద్దరు మోటారు సైకిలేసుకుని ఎనకే వస్తున్నారు. సీజింగోళ్ళలాగే ఉన్నారు," అన్న మాట గదంతా వినిపించింది. సీజింగు వాళ్ళంటే వాయిదా తప్పిన బండిని దారిలో ఆపి తాళం తీసుకునే ఫైనాన్సు మనుషులు.

బండిని ఎక్కడైనా జనంలో పెట్టి సాయంత్రం దాకా కదలొద్దని చెప్పి, కోటేశ్వరరావు ఫోను పక్కన పెట్టి పెన్ను అడిగాడు. ఫిర్యాదు, అధికార పత్రం, వాయిదా మొత్తానికి భార్య పేర ఒక బేరరు చెక్కు, మూడింటి మీదా సంతకాలు పెట్టాడు. మాండేటు మీద ఆధారపడితే మళ్ళీ ఏ తేదీకి వస్తుందో తెలియదు. పోయిన చార్జీలు వెనక్కి రాబట్టి, చెక్కు మార్చుకుని నందిగామలోని ఫైనాన్సు ఆఫీసులో చేతికి కట్టి రసీదు తీసుకోవడం ఒక్కటే దారి.

శాఖకు తిరిగొచ్చాక స్టేట్‌మెంటు తీసి నాగమణి ముందు పెట్టాను. ఇప్పుడు ఆవిడకి చూసే అధికారం ఉంది. ఫైనాన్సు కంపెనీ ఒకే వాయిదాని ఒకే నెలలో పదేపదే పంపింది. పంపిన ప్రతిసారీ మా కంప్యూటరు చార్జీ వేసింది. మా బ్యాంకు చార్జీల పట్టిక ప్రకారం ఒక నెల వాయిదాకి ఒక్కసారే వేయాలి. అంటే చాలా భాగం అక్రమంగా పోయింది. అంతకుముందు పడిన కిరాయి డబ్బులోంచి కూడా ఇలాగే పోయాయి కాబట్టి, అవన్నీ వెనక్కి వస్తే వాయిదాకి తగ్గింది పూడుతుంది. మిగిలినవి నెలకొక్కటిగా వేసినవీ, కనీస నిల్వ లేనందుకు వేసినవీ. అవి నియమం ప్రకారమే ఉన్నాయి. కష్టకాలమని మాఫీ అడగవచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం పై ఆఫీసు ఇష్టం. ఆవిడ వేలితో ఒక్కో వరుసా చూసుకుంటూ, "ఇది తప్పు, ఇది అడుక్కునేది, అంతేనా మేడమ్?" అంది. అంతే అన్నాను.

తప్పుగా తీసిన చార్జీ వెనక్కి వేయడాన్ని రివర్సల్ అంటారు. ఈ మొత్తం శాఖ అధికారానికి మించింది. ప్రాంతీయ కార్యాలయం అనుమతి కావాలి. మేనేజరు మెయిలు పెట్టి సోమవారం దాకా ఆగుదామన్నాడు. సోమవారానికి లారీ ఏ యార్డులో ఉంటుందో చెప్పగలరా అని అడిగాను. ప్రాంతీయ కార్యాలయానికి నేనే ఫోను చేశాను. అక్కడి అధికారి అడిగింది ఒక్కటే, ఖాతాదారు సంతకంతో ఫిర్యాదు ఉందా అని. ఉందన్నాను. స్కాన్ చేసి పంపమన్నాడు.

క్యాషు మూసే వేళ దగ్గర పడుతోంది. నాగమణి బెంచీ చివర కూర్చుని గోడ గడియారాన్ని, నన్ను మార్చి మార్చి చూస్తోంది. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. అనుమతి వచ్చింది. మేనేజరు ఉత్సాహంగా ఎంట్రీ వేయబోయాడు. నేను ఆపాను.

ఆయనకి అర్థం కాలేదు. ముందురోజు డబ్బు పడ్డాక కొత్తగా చేరిన కనీస నిల్వ చార్జీలు కొన్ని, ఆ ఉదయం తిరిగిపోయిన వాయిదా చార్జీ ఒకటి, ఖాతాలో మళ్ళీ జమ పడటం కోసం కాచుకుని ఉన్నాయి. ఇప్పుడు రివర్సల్ వేస్తే పడిన మరుక్షణం కంప్యూటరు వాటిని లాక్కుంటుంది. చెక్కుకి మళ్ళీ డబ్బు చాలదు. ఫిర్యాదు తేలేదాకా ఈ లాక్కోవడాన్ని, అంటే రికవరీని, నిలిపివేయాలి, అదీ పై ఆఫీసు నుంచే జరగాలి. మళ్ళీ ఫోను చేశాను. అవతలి అధికారి విసుక్కున్నాడు. నేనూ విసుక్కున్నాను. అనుమతి వచ్చిందని విన్నాక కూడా డబ్బు ఎందుకు ఇవ్వడం లేదో నాగమణికి తెలియదు. బెంచీ మీంచి లేచి నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. రికవరీ నిలిపినట్టు తెర మీద కనబడ్డాకే ఎంట్రీ వేయించాను. క్యాషియరు తాళాలు చేతిలో పట్టుకునే చెక్కుకి డబ్బిచ్చాడు. ఆవిడ పర్సు కొంగులో చుట్టుకుని, హైవే మీద నందిగామ బస్సు కోసం పరిగెత్తింది.

మిగతాది ఆవిడ ఫోనులో చెప్పగా తెలిసింది. ఆవిడ ఫైనాన్సు ఆఫీసు మెట్లెక్కేసరికి సాయంత్రం మళ్ళీ బయల్దేరిన లారీని కీసర టోలుగేటు దాటాక ఆపేశారు. డ్రైవరు తాళం ఇవ్వనని క్యాబిన్లోనే కూర్చున్నాడు. ఆఫీసువాళ్ళు వాయిదా కట్టించుకుని రసీదిచ్చారు. ఇచ్చాక, బండి ఆపేశాం కాబట్టి సీజింగ్ చార్జీ కూడా కడితేనే వదులుతామన్నారు. చేతిలో బస్సు చార్జీ తప్ప ఏమీ లేదు.

"అప్పుడేం చేశారు?" అని అడిగాను.

"ఏ కాగితంలో ఉందో చూపించమన్నానండి. బండి ఆపిన టైమూ, నేను డబ్బు కట్టిన టైమూ రెండూ రాసి, సంతకం పెట్టి ఇమ్మన్నా. ఇస్తే మా ఆయన సంతకంతో ఫిర్యాదు పెట్టుకుంటానన్నా. ఉదయం మీరు రాయించిన కాగితం చూపించా. రాసివ్వలేదండి. కీసర వాళ్ళకి ఫోను చేసి బండి వదిలెయ్యమన్నారు."

కనీస నిల్వ చార్జీల మాఫీకి ఆస్పత్రి కాగితాలు జతచేసి నాగమణే దరఖాస్తు పెట్టింది. పై ఆఫీసు సగం మాఫీ చేసి, సగం కుదరదంది. మిగిలిన సగానికి బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ దాకా వెళ్ళవచ్చునని చెప్పాను. లారీ తిరుగుతోంది, తిరిగే ఓపిక లేదని ఆవిడ కట్టేసింది. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు. నిర్ణయించుకోవాల్సింది మాత్రం ఆవిడే.

ఖాతా కష్టంలో ఉన్నప్పుడు డబ్బు తెచ్చి కట్టేది చాలాసార్లు ఖాతాదారు కాదు, ఇంట్లో ఇంకొకరు. ప్రశ్న అడిగే హక్కు మాత్రం ఖాతాదారు దగ్గరే ఉంటుంది, ఆయన సిగ్గుపడి నోరు మెదపడు. ఆ హక్కు సంతకంతో చేతులు మారేదాకా ఎంత న్యాయమున్నా మా బల్ల ఇవతలికి రాదు. అందుకే రిటైరయ్యేదాకా మా క్యాషియరుకి ఒక పని అప్పజెప్పాను. ఇంకొకరి ఖాతాకి ఎవరైనా వాయిదా డబ్బు కట్టడానికి వస్తే, స్లిప్పు మీద ముద్ర వేసే ముందు, పాత చార్జీలేమైనా బాకీ ఉన్నాయేమో ఒక్కసారి ఖాతాదారు చేత అడిగించి రమ్మని చెప్పాలి. డిపాజిట్లు తగ్గుతాయని మేనేజరు గొణిగాడు. కొన్ని తగ్గాయి కూడా.