పైనుంచి కిందికి రాశాను

దెయ్యాలంటే నవ్వేసే మనిషిని నేను. బ్రిస్బేన్‌లో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. ఎవరైనా జాతకం చూపించుకున్నారంటే వాళ్లని ఆటపట్టించందే నాకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు బల్లమీద చిల్లర పడిన చప్పుడు వింటే లేచి అవతలి గదిలోకి వెళ్లిపోతున్నాను.

సన్నీబ్యాంక్ అనే పేటలో మా ఇంటి ఓనర్ ఒక చైనా ఆంటీ. మా పక్క పోర్షన్‌లోనే ఉంటుంది. మావారు కారులో సిడ్నీ వెళ్తున్నారని తెలిసి, ప్రయాణం ఎలా ఉంటుందో వాళ్ల నాణేల జోస్యంలో చూస్తానంది. మూడు నాణేలు ఆరుసార్లు వేయాలి. ఒక్కోసారికి ఒక గీత. అది నిండుగానో, మధ్యలో తెగో ఉంటుంది. మూడు నాణేలూ ఒకేవైపు పడితే అది మారే గీత. ఏం జరిగినా ప్రయాణంలో ఆ గీత చెప్పే దశలోనే జరుగుతుందట.

ఆంటీ ఒక కంటికి ఆపరేషనై కట్టు ఉంది. అందుకే నాణేలు నేనే వేసి, గీతలూ నేనే గీశాను. మొదటిసారే మూడూ ఒకేవైపు పడ్డాయి. మిగతావన్నీ మామూలే. ఆంటీ భూతద్దంతో చూసి, "గోయింగ్, నో ప్రాబ్లమ్. కమింగ్ హోమ్, లాస్ట్‌లో, వెరీ కేర్‌ఫుల్" అంది. నవ్వుతూనే ఆ మాట మావారికి చెప్పాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆయన క్షేమంగా వచ్చేశారు. ఇంటిముందు కారు ఆపి, ఇంజిన్ ఆపేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గరాజ్ తలుపు ఎత్తడానికి దిగారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. కారులో ఎవరూ లేరు. అది కదిలింది.

అక్కడ నేల బంతి పెట్టినా దొర్లనంత చదును. ఆయన వెనక్కి చూసి పక్కకి దూకారు కానీ, ఒక కాలు బంపర్ కింద నలిగింది. మెకానిక్ రెండుసార్లు చూశాడు. బ్రేకులో ఏ లోపమూ లేదన్నాడు.

ఆయన ఇంకా హాస్పిటల్లో ఉండగానే ఆంటీ ఆ కాగితం మళ్లీ అడిగింది. "ఫస్ట్ లైన్ విచ్ వన్?" అంది. పైగీత చూపించాను. ఆమె మొహం పాలిపోయింది.

ఆ గీతలు కిందినుంచి పైకి గీయాలట. అడుగుగీత బయల్దేరడం, పైగీత ఇల్లు చేరడం. నేను ఉత్తరం రాసినట్టు పైనుంచి కిందికి గీసుకొచ్చాను. అంటే నాణేలు చెప్పిన ప్రమాదం బయల్దేరేటప్పటిది. బయల్దేరినప్పుడు ఏమీ కాలేదు. తప్పుగా నేను ఎక్కడ గీశానో అక్కడే జరిగింది. ల్యాబ్‌లో ఒక్క శాంపిల్ కూడా తారుమారు చేయని దాన్ని నేను.

ఇప్పుడు ఆయన కర్ర పట్టుకుని నడుస్తున్నారు. "వచ్చేటప్పుడు జాగ్రత్త అని నువ్వు చెప్పబట్టే వెనక్కి చూశానే. లేకపోతే పోయుండేవాణ్ణి" అంటారు, వచ్చినవాళ్లందరి ముందూ.

ఆ మాట ఆయన్ని కాపాడిందో, ఆ కారుని కదిలించిందో నాకింకా అంతుపట్టలేదు. గీతలు తలకిందులుగా గీశానని మాత్రం ఆయనకి చెప్పలేదు. చెప్పాలంటే భయం.