పిల్లల డాక్టరు దగ్గరి పెద్దలు

ఆ వీధిలో మడతక్క అంటే తెలియనివాళ్ళు లేరు. మూల మీది లాండ్రీ ఆమెదీ, ఆమె మొగుడిదీ. ఉతకడం, ఆరేయడం అతని పని. ఇస్త్రీ ఈమె పని. ఆమె మడతపెట్టిన చొక్కా విప్పడానికి మనసొప్పదని బ్యాంకు ఉద్యోగులు సైతం అనేవారు. అసలు పేరేమిటో ఇంట్లోవాళ్ళకైనా గుర్తుందో లేదో. నోరు కాస్త పెద్దదే. బేరమాడితే ఒప్పుకోదు, మరక దాచిపెట్టి బట్టలిస్తే ఊరుకోదు, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మదు. అలాంటి మనిషి కళ్ళు మూసుకుని నమ్మింది ఒకే ఒక్కణ్ణి. ఆయన పిల్లల డాక్టరు.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఆమె కొడుకు నెలలు నిండకుండా పుట్టాడు, అరచేతిలో పట్టేంత. చూసినవాళ్ళందరూ పెదవి విరిచారు. ఈయన విరవలేదు. చూద్దాం అన్నాడంతే. పిల్లాణ్ణి పెట్టిన గాజుపెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఇంటికి పోవడం మానేశాడు. పిల్లాడు బతికాడు. బతకడమేమిటి, ఇవాళ గుమ్మం తలకి కొట్టుకుంటుందని వంగి లోపలికొచ్చేంత పొడుగయ్యాడు.

అక్కడితో ఆగితే ఇది చెప్పుకునేంత కథ కాదు. ఆనాటి నుంచి ఇంటిల్లిపాదికీ ఆయనే డాక్టరు. అత్తగారి మోకాళ్ళ నొప్పికి ఆయనే, ఆడపడుచు తలపోటుకి ఆయనే. మీసాలొచ్చిన కొడుకు జలుబు చేస్తే వెళ్ళి చంటిపిల్లల తల్లుల మధ్య కూర్చునేవాడు. ఆ గదిలో కుర్చీలన్నీ పిల్లలవి, గోడల నిండా ఏనుగులూ పడవలూ. అత్తగారు ఒక బుల్లి ఎర్ర కుర్చీలో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తన వంతు కోసం బుద్ధిగా ఎదురుచూసేది. ఆవిణ్ణి చూసి వింతపడి ఏడుపు మానేసిన పసివాళ్ళు కూడా ఉన్నారు.

డాక్టరు మొదట్లో నవ్వేవాడు. తర్వాత్తర్వాత మెల్లిగా చెప్పసాగాడు. తనది పిల్లల వైద్యమనీ, పెద్దవాళ్ళ సంగతి తనకు రాదనీ, పెద్దాసుపత్రిలో చూపించుకోమనీ. అలా చెప్పి, ఊరుకోలేక, ముసలావిడ మోకాలు నిమిరి చూసేవాడు. ఆ నిమరడంతోనే సగం నొప్పి పోయేది. మిగతా సగానికి ఏదో ఒక మాత్ర. ఇంటికొచ్చాక వీళ్ళ లెక్క వేరు. అంత చదువు చదివినవాడికి మోకాలి నొప్పి తెలియకపోవడమేమిటి, పెద్దమనిషి కనక గొప్పలు చెప్పుకోడు అని అత్తగారు తేల్చేసింది. అందరూ తలూపారు. ఆయన వినయానికి మురిసిపోయారే గానీ, ఆయన చెప్పిన మాట ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

మొగుడికి మెట్లెక్కితే ఆయాసం మొదలైనప్పుడూ అదే తంతు. డాక్టరు అతని ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఈసారి నవ్వలేదు. గుండె డాక్టరుకి చూపించి తీరాలన్నాడు. అలాగేనండీ అని వచ్చేశారు. కొన్నాళ్ళాగి మళ్ళీ ఆయన దగ్గరికే పోయి, మీ హస్తవాసి మంచిదండీ, ఇప్పుడు తేలిగ్గా ఉంది అన్నారు. పెద్దాసుపత్రికి వెళ్ళారా అని ఆయన అడిగాడు. వెళతామండీ అన్నారు. ఆయన గట్టిగా ఏదో అనబోయాడు. అంతలో బయట ఎవరి పాపో గుక్కపట్టి ఏడ్చింది, ఆ మాట అక్కడే ఆగిపోయింది.

ఒక ఉదయం మొగుడు తడి దుప్పట్ల బుట్ట ఎత్తబోయి, ఎత్తకుండానే నేల మీద కూలబడ్డాడు. మొహమంతా చెమట. దవడ లాగుతోందన్నాడు. ఎడమ చెయ్యి తనది కానట్టుందన్నాడు. మడతక్క ఇస్త్రీపెట్టె స్విచ్చి కట్టేసి, పక్క సెలూన్ అతని చేత టాక్సీ పిలిపించింది. పెద్దగా కంగారు కూడా పడలేదు. ఎక్కడికి వెళ్ళాలో తెలిసినవాళ్ళకి కంగారెందుకు?

పెద్దాసుపత్రి దారిలోనే ఉంది. గేటు దగ్గర టాక్సీ అతను అడక్కుండానే బండి నెమ్మది చేశాడు.

"ఇక్కడ కాదు బాబూ, నేరుగా పోనివ్వు," అంది మడతక్క.

అతను అద్దంలోంచి వెనక సీటు వంక చూశాడు. "ఇదే దగ్గరమ్మా."

"మా డాక్టరు వేరే ఉన్నారు. పోనివ్వు."

పళ్ళ బిగువున నొప్పి భరిస్తున్న మొగుడు కూడా అవునన్నట్టు తలూపాడు. గేటు వెనక్కి పోయింది.

డాక్టరు ఒక పసిగుడ్డుకి సూదిమందు వేసి తలెత్తాడు. గుమ్మంలో మొగుడి చెయ్యి భుజానేసుకుని నిలబడ్డ మడతక్కను చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇక్కడికెందుకు తీసుకొచ్చావ్?" అని అరిచాడు.

గదిలో పిల్లలందరూ ఒక్కసారి ఏడుపందుకున్నారు. మడతక్క వెనక్కి తిరిగి చూసింది, వేరే ఎవరినో అంటున్నాడనుకుని. వెనక ఎవరూ లేరు. ఇన్నేళ్ళలో ఆ మనిషి గొంతు పెరగడం ఆమె వినలేదు. డాక్టరు ఆమె మొగుడి నోట్లో మాత్ర వేసి నమలమన్నాడు, రెక్క పట్టుకుని తన కారులోకి తోశాడు, తనే నడిపాడు. కారు వచ్చిన దారినే వెనక్కి పోయి, ఇందాక వద్దన్న గేట్లోకే తిరిగింది.

గుండె డాక్టరు ఒక చిన్నపిల్ల, చూడ్డానికి మడతక్క కొడుకు ఈడుదే. గుండెకి పోయే నాళం మూసుకుపోయింది, వెంటనే తెరవాలి, ప్రమాదం లేదని చెప్పను, సరేనా అని అడిగింది. మడతక్క అలవాటుగా పిల్లల డాక్టరు వైపు తిరిగింది.

"మీరు చెప్పండి డాక్టరు గారూ."

"నన్నడక్కమ్మా. నాకు రాదు."

ఇన్నేళ్ళూ విన్న మాటే. ఇప్పుడే చెవికెక్కింది. ఆయనకు నిజంగానే రాదు. ఎన్నడూ వచ్చేది కాదు. మొహమైనా సరిగ్గా చూడని ఆ కొత్త పిల్ల వైపు తిరిగి "చెయ్యమ్మా" అంది.

మొగుడు బతికాడు. గుండెలో కొంత భాగం మాత్రం ఇక పనిచెయ్యదనీ, బుట్టలెత్తడం మరిచిపోవాలనీ, కాస్త ముందు తెచ్చి ఉంటే అదీ దక్కేదనీ గుండె డాక్టరు చెప్పి వెళ్ళిపోయింది. మడతక్క నడవాలో బల్ల మీద కూలబడింది. ఏడుపు రాలేదు. పోనివ్వు అన్నది తనే. పిల్లల డాక్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీకు రానప్పుడు మమ్మల్ని ఇన్నాళ్ళూ ఎందుకు రానిచ్చారు?" అంది.

ఆయన చేతులు చూసుకున్నాడు.

"మీరొస్తే నాకు బాగుండేదమ్మా. అంత నమ్మేవాళ్ళు ఎవరుంటారు? ఈసారి కసురుదాం, ఈసారి తలుపేసేద్దాం అనుకునేవాణ్ణి. మిమ్మల్ని చూస్తే మనసొప్పేది కాదు."

ఆయనకు తమ అవసరం ఉండొచ్చని మడతక్కకు ఎన్నడూ ఊహకైనా రాలేదు. కొడుకును చేతిలో పెట్టిన దేవుడని అనుకుంది, తన మొగుడిలాంటి మామూలు మనిషేనని అనుకోలేదు. కోపం రావాలో జాలి పడాలో తెలియలేదు.

కాసేపటికి ఆయన వెళ్ళొస్తానని లేచాడు. ఆయన లేస్తే ఎప్పుడూ తనూ లేచి నిలబడే మడతక్క, ఆ రోజు కూర్చునే ఉండిపోయింది.