కాగితం మీద పోగులు

ఆదివారం పొద్దున జనగామలో మాంసం కట్టిన మోదుగాకు వాసన తగిలితే, పదో తరగతి లెక్కల పేపరు వల్ల నేను పోగొట్టుకున్నవన్నీ వరుసగా గుర్తొస్తాయి. రెండుసార్లు కట్టిన పరీక్ష ఫీజు, మహబూబాబాద్ పరీక్ష సెంటరుకు పోయిన రోజుల కూలి, భూపాలపల్లిలో చేతిదాకా వచ్చి సర్టిఫికెట్ లేదని జారిపోయిన గుమాస్తా పని. నలభై దాటాక మిగిలింది పత్తి మిల్లులో బస్తాలు మోయడమే. పాసైతే కాంటా దగ్గర తూకాలు రాసే పనికి తీసుకుంటానని సేటు అన్నాడు. అప్పటిదాకా నడుము ఓపుతుందో లేదోనని భయపడ్డ రోజులవి. ఇవన్నీ కూడుకున్నాక వినోదక్క గుర్తొస్తుంది, మనసు తేలికవుతుంది.

వినోదక్క విదేశంలో వంతెనల ఇంజనీరు. పుట్టింది మా తరిగొప్పులలోనే. ఏటా చలికాలం సెలవు పెట్టుకుని వచ్చి, మూడు వారాలపాటు సాయంత్రాలు బడిలో పెద్దవాళ్లకు లెక్కలు చెప్పేది. మొదటిరోజు బోర్డు మీద గుండ్రంగా గీసి, "గిది పిజ్జా అనుకోండ్రి, ఎనిమిది ముక్కలు" అంది.

"ఏంది బిడ్డా, గది మేం ఎన్నడన్న తిన్నమా? రొట్టె అనరాదు" అంది వెనక నుంచి సత్తెమ్మ వదిన. అందరికంటే ముందు అక్కే నవ్వింది.

నాకు చదువు ఆగినా లెక్క ఆగలేదు. ఏదైనా నోటితోనే తేల్చేవాడిని. అక్క ఇచ్చిన నమూనా పేపరులో జవాబులు మాత్రమే రాశాను. అన్నీ సరైనవే. అయినా సగానికి పైగా మార్కులు కోసేసింది.

"జవాబు తప్పా అక్కా?"

"కాదు తమ్మీ. ఎట్ల వచ్చింది?"

"నెత్తిల వచ్చింది."

ఆమె పేపరు పక్కన పెట్టి, "దసరాకు అందరు కలిసి యాటను కోస్తే పోగులు ఎవరేస్తరు?" అని అడిగింది. మా వాడలో ఆ పని నాదే. మెత్తటి మాంసం, బొక్కలు, కార్జం అన్ని కుప్పల్లోనూ సమంగా పడాలి.

"నువ్వు తలుపేసుకొని పోగులేసి బయటికి తెస్తే ఊకుంటరా?"

"తంతరు."

"మరి దిద్దేటాయన ఎందుకు ఊకోవాలె? అందరి ముంగట ఆకులు పరిచి ఏసినట్టు కాయితం మీద ఏయి."

అప్పటినుంచి ప్రతి మెట్టూ రాయించింది. విసుగొచ్చి ఒకటి దాటేస్తే, "కార్జం ఏడ వోయింది?" అనేది.

మూడోసారి పరీక్షలో అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను. ఫలితం మిల్లులోనే ఫోనులో చూశాను. పాసు. బస్తా మీద కూర్చుండిపోయాను. ఆ నెల నుంచే సేటు నన్ను మోత మాన్పించి కాంటా దగ్గర కూర్చోబెట్టాడు.

అక్కకు ఫోను చేసి, "నీ ఫీజు ఎంత?" అని అడిగాను.

"పది. పైసలు గాదు, మనుషులు. నీ లెక్కనే లెక్కల కాడ ఆగిపోయినోళ్లను పాస్ చేయించు."

మోకాళ్ల నొప్పితో అక్క ఇప్పుడు రావడం లేదు. ఫలితాలు వచ్చిన రోజు మాత్రం ఫోను చేసి, నేను ఎట్లున్నానని కూడా అడగకుండా ఎంతమంది పాసయ్యారో ఆ అంకె అడుగుతుంది. పోయినసారి నేను లెక్కలు చెప్పినవాళ్లలో ఇద్దరు రాశారు, ఒకరు తప్పారు. ఇప్పటికి మొత్తం ఏడుగురు పాసయ్యారు.

ముగ్గురు బాకీ.