బెజ్జాల ఆపరేషన్

మా బాపు తొర్రూరు మార్కెట్లో హమాలీ. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ ఉందని తేలినా ఆపరేషన్‌కు ససేమిరా అన్నాడు. ఆయనతో పనిచేసిన ఒకాయనకు కడుపు నిలువునా కోసి కుట్లేశారు. ఆ మనిషి మళ్లీ బస్తా ముట్టలేదు. "గట్ల కూసునుడు కంటె సచ్చుడే నయం" అనేవాడు బాపు. ఆయన మొండితనమే నాకూ వచ్చింది, కాబట్టి నెల రోజులు ఇద్దరం కొట్లాడుకున్నాం.

చివరికి హైదరాబాదులో ఒక డాక్టరు, కడుపు కోయకుండా చిన్న చిన్న బెజ్జాలు పెట్టి, కెమెరాతో చూస్తూ గడ్డ తీసేస్తామన్నాడు.

"మల్ల బస్తా ఎత్తొచ్చునా సారూ?"

"కొన్ని నెలలు ఆగి ఎత్తొచ్చు."

ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. ముందురోజు పేగు కడిగే మందు తాగాలి, ఆ తర్వాత నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు, మధ్యాహ్నం ఆపరేషన్. కడుపులో తిండి ఉంటే మత్తులో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుందని, ప్రాణానికే ముప్పని డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు.

ఆపరేషన్ రోజు బస్సుల్లేవు. తెలంగాణ కోసం అంతా సమ్మె. జీపు మాట్లాడుకొని బయల్దేరితే జనగామ దగ్గర రోడ్డు మీద వంటావార్పు. రాళ్ల పొయ్యిలు, గుండిగలు, డప్పులు, రోడ్డు పొడుగునా భోజనాల బంతులు. ఎవరినని తిట్టను? నేనూ సమ్మెలో ఉన్న టీచర్నే. అంతకు ముందు వారం తొర్రూరులో నేనే గంటె పట్టి వడ్డించాను. లారీ డ్రైవర్లు మొత్తుకుంటుంటే నవ్వాను కూడా.

బాపును జీపులో ఉంచి, దారి ఇమ్మని అడగడానికి ముందుకు పోయాను. "పేషెంటుంటె ముందుగాల జెప్పొద్దా అక్కా!" అంటూ వాళ్లే అడ్డం పెట్టిన బండలు జరిపారు. పావుగంటలో తిరిగొచ్చేసరికి జీపు ఖాళీ. బాపు బంతిలో కూర్చుని పప్పన్నం తింటున్నాడు.

"ఏం జేసినవ్ బాపూ!"

"చెయ్యి వట్టి కూసోవెట్టిన్రు బిడ్డా. తెలంగాణ కోసం వండిన బువ్వ, ఎట్ల వద్దంట? రెండు బుక్కలే తిన్న."

విస్తరి చూస్తే రెండు బుక్కల తిండి కాదు. నాకు అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడవాలనిపించింది. జీపు కదిలాక నా చెయ్యి పట్టుకున్నాడు. "దవాఖానల జెప్పకు బిడ్డా. నీ కాల్మొక్త."

కన్నకూతురి కాళ్లు మొక్కుతానన్నాడు. అయినా నర్సు అడిగినప్పుడు చెప్పేశాను. ఆపరేషన్ ఆపేశారు. రెండు వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా బాపు కిటికీలోంచి బయటికే చూశాడు.

తొమ్మిదో రోజు కడుపు ఉబ్బింది. ఒకటే వాంతులు. గడ్డ పేగును మూసేసింది. అదే ఆసుపత్రికి, అదే జీపులో పరుగెత్తాం. "ఇంత ఉబ్బిన కడుపులో బెజ్జాల పని కుదరదమ్మా. కోయాల్సిందే. మలం పోవడానికి కడుపు మీద సంచీ కూడా పెట్టాల్సి రావచ్చు," అని డాక్టరు కాగితం నా ముందు పెట్టాడు. ఆనాడు నోరు మూసుకొని ఉంటే? అది తప్ప ఇంకేమీ తోచలేదు. సంతకం చేశాను.

స్ట్రెచర్ మీద బాపు కళ్లు తెరిచాడు.

"బెజ్జాలేనా బిడ్డా?"

"ఆఁ బాపూ. బెజ్జాలే."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! ఆయన మొఖం తేటపడింది. తలుపులు మూసుకున్నాయి.

మత్తు దిగాక నేను పక్కనే ఆయన చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. రెండో చేతిని దుప్పటి కిందికి పోనిచ్చి కడుపు తడుముకున్నాడు. రొమ్ము కింద మొదలైన కట్టు ఎంత తడిమినా అయిపోవడం లేదు. సంచీ దగ్గర చెయ్యి ఆగింది. తిట్టు బాపూ, తిట్టు అనుకున్నాను. ఆయన నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు.