సిరిసిల్లకు అమ్మిన క్యాసెట్

"ఫైనల్ ఎంత?" అని అడిగేవాళ్లు ముందు నమస్తే అనరు. ఆన్‌లైన్‌లో పాత వస్తువులు అమ్మడం మొదలుపెట్టాక నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది. ఫోటో చూస్తారు, కింద రాసింది చదవరు, ఫైనల్ ఎంత అంటారు. చెప్తే "గీ తుక్కుకా?" అంటారు. తుక్కయితే అడగడం ఎందుకంటే, "ఆంటీ, నీకు తెల్వది, ఊకో" అని మీసం కూడా సరిగా రానివాళ్లు సలహా ఇస్తారు. "గిసొంటియి మా ఇంట్ల బొచ్చెడున్నయి" అన్నాడొకాయన. అయితే మీ ఇంట్లోవే కొనుక్కోండి అన్నాను. ఇంకొకడు పది రోజులు నన్ను బ్రో అని పిలిచి, ఫోన్‌లో నా గొంతు వినగానే "మీ సార్‌కియ్యండ్రి" అన్నాడు. ఈ వ్యాపారంలో సార్ నేనే అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మాది కోరుట్ల. ఈ చుట్టుపక్కల ఏ ఇంటి అటక మీద చూసినా దుబాయి నుంచో మస్కట్ నుంచో వచ్చిన పెట్టె ఒకటి ఉంటుంది. అందులో పులిబొమ్మ దుప్పటి, ఖాళీ అత్తరు సీసా, అరబ్బీ అంకెల నాణేలు, పెద్ద టార్చిలైటు, క్యాసెట్లు. పాత ఇల్లు కూలగొట్టి కొత్తది కట్టేటప్పుడు అవి వీధిలో పడతాయి. నేను వాటిని తెచ్చి, తుడిచి, ఫోటో తీసి అమ్మకానికి పెడతాను. చెత్త ఏరుతున్నావని మా ఆడబిడ్డ ఎగతాళి చేస్తుంది. చేయనీ.

నాకు కోపం ఎక్కువ. ఆ కోపంతో బేరాలు పోగొట్టుకున్నాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. మోటుగా మాట్లాడినవాడికి తిట్టాల్సిందంతా టైపు చేస్తాను. ఒకసారి కమ్మగా చదువుకుంటాను. తర్వాత మొత్తం చెరిపేసి "సరేనండి, ధన్యవాదాలు" అని పంపుతాను. నేను టైపు చేసే తీరు చూసి మా ఆయన "ఎవన్ని కడుగుతున్నవ్?" అని అడుగుతాడు.

పోయిన ఎండాకాలం మా అమ్మ ఒక గుడ్డమూట నా చేతిలో పెట్టింది. అమ్మ జగిత్యాలలో తమ్ముడి దగ్గర ఉంటుంది. మూటలో మా బాపు సూట్‌కేసులో దొరికిన ఆరు సినిమా పాటల క్యాసెట్లు ఉన్నాయి. "పాటలే గద బిడ్డా, అమ్ముకో. నేను పోయినంక గివి ఎవలు చూస్తరు" అంది.

బాపు మస్కట్‌లో కూలిపని చేసేవాడు. ఆయనకు రాయడం రాదు, అమ్మకు చదవడం రాదు. అందుకని బుగ్గారం దిక్కు మా పుట్టింటి ఊళ్లో చాలామందిలాగే ఉత్తరానికి బదులు క్యాసెట్ పంపేవాడు. సెలవు మీద వచ్చే ఎవరో ఒకరు అది తెచ్చి ఇచ్చేవాళ్లు. వాడంతా మా అరుగు మీద చేరి వినేది. రెండుసార్లు విని, ఆ తెచ్చినాయన తిరిగి పోయేలోపు, అదే క్యాసెట్ మీద మా మాటలు ఎక్కించి పంపేవాళ్లం. ఇంకో క్యాసెట్ కొనడం దండగ అనేది అమ్మ. ఆయన మాట మీద మా మాట, మా మాట మీద మళ్లీ ఆయన మాట, అట్లా ఒక్క క్యాసెట్ ఏళ్ల తరబడి తిరిగింది. మా వాడలో అందరూ ఇంతే. మనిషి మళ్లీ మాట్లాడతాడనే కదా ఎవరైనా అనుకునేది.

నాకు పదకొండేళ్లప్పుడు బాపు అక్కడే గుండె ఆగి చనిపోయాడు. తిరిగే ఆ క్యాసెట్ అప్పుడు మా దగ్గరే ఉంది. దాంట్లో ఉన్నవి మా మాటలే, ఆయన కోసం ఎక్కించి పంపకుండా మిగిలినవి. ఆయన గొంతును మా చేతులతో మేమే తుడిచేశాం. రెండు నెలలకు సూట్‌కేసు వచ్చింది. అమ్మ అందులోని క్యాసెట్లు మూట కట్టి, టేప్‌రికార్డర్‌ను ఎవరికో ఇచ్చేసింది.

ఫోటో ఉంది కాబట్టి ముఖం గుర్తుంది. గొంతు మాత్రం పోయింది. పెళ్లయిన కొత్తలో, పిల్లలు పుట్టినప్పుడు, ఆస్పత్రిలో ఒంటరిగా పడుకున్నప్పుడు దాన్ని గుర్తు తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించానో. ఒక్కసారి వింటే చాలనిపించేది. బస్టాండులో ఎవరో "బిడ్డా" అని తన కూతుర్ని పిలిస్తే నేను వెనక్కి తిరిగిన రోజులున్నాయి.

అంత ఆశపడ్డదాన్ని ఆ ఆరు క్యాసెట్లూ పూర్తిగా విన్నానా? లేదు. పైన సినిమా పేర్లు అచ్చేసి ఉన్నాయి. మొదటి వైపు ఒక్కో నిమిషం వేసి చూశాను, పాటలు వచ్చాయి. గుర్తుగా ఒకటి ఉంచుకుని ఐదు అమ్మకానికి పెట్టాను.

సిరిసిల్ల నుంచి ఒకాయన అడిగాడు. ప్రొఫైల్‌లో మరమగ్గం ఫోటో. "అసలుయేనా, డూప్లికేటా?" అన్నాడు. "బూజుంటె నీదే జిమ్మెదారి" అన్నాడు. "మొన్న ఒకామె మోసం జేసింది, మీరంత గంతె" అన్నాడు. నేను టైపు చేసి, చదువుకుని, చెరిపేసి, ఐదూ పార్శిల్ పంపాను.

నాలుగు రోజులకు మెసేజ్ వచ్చింది. "మోసం. ఒకదాంట్ల రెండో దిక్కు పాటలు లెవ్వు. ఎవడో పిచ్చోడు ఒక్కడే మాట్లాడుతుండు. సిగ్గు లేదా?" కింద రుజువుగా ఒక చిన్న ఆడియో ముక్క పెట్టాడు. నేను దాన్ని వినలేదు. పద్ధతి పక్కనపెట్టి, టైపు చేసింది టైపు చేసినట్టే పంపి, ఆయన్ని బ్లాక్ చేశాను. ఆ తిట్టు ఇక్కడ రాయను, బాగా కుదిరింది మాత్రం.

కుక్కర్ పెట్టి వచ్చి, ఆ పిచ్చోడెవరో చూద్దామని ఆడియో నొక్కాను.

"గీడ ఎండలు బాగ కొడుతున్నయి బిడ్డా. ఆడ గూడ కొడుతుండచ్చు. చెప్పులేసుకొనే పో బడికి."

నేను గుర్తుపట్టలేదు. నిజం చెప్తున్నాను, వినగానే తెలుస్తుందని ఇన్నేళ్లు అనుకున్న గొంతును నేను గుర్తుపట్టలేదు. ఎవరో కొంచెం ముక్కుతో మాట్లాడే మనిషి, అదీ నాకంటే చాలా చిన్నవాడు. రెండోసారి విన్నప్పుడు చెప్పుల దగ్గర తెలిసింది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని బడికి పోయేదాన్ని, అరిగిపోతాయని. ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే, అమ్మా బాపూ. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో నాకు తెలియదు. ఇంటికి వచ్చేవాళ్లు దొరక్క ఆయన పంపలేకపోయిన క్యాసెట్ అది. కొత్తది దొరకక పాటల మీదే మాట్లాడి ఉంటాడు.

బ్లాక్ తీసి, అది మా బాపు గొంతని, తిరిగి ఇవ్వమని రాశాను. "గప్పుడు గంత లావు మాటలన్నవ్ గద. తప్పయిందని వాయిస్‌ల చెప్పు" అన్నాడు. చెప్పాను. "గట్టిగ చెప్పు, ఇనవడ్తలేదు" అన్నాడు. గట్టిగా చెప్పాను. "రేపు దాని మీద మంచి పాటలెక్కిద్దామనుకుంటున్న" అని రాశాడు. "ఎక్కియ్యకు అన్నా, నీ కాళ్లు మొక్కుత" అని రాశాను. దాన్ని చెరపలేదు. జవాబు రాలేదు.

పొద్దున్నే నా చిన్న టేప్‌రికార్డర్, మిగిలిన ఒక్క క్యాసెట్ సంచిలో వేసుకుని, వేములవాడలో బస్సు మారి, సిరిసిల్ల చేరాను. పార్శిల్ మీద రాసిన చిరునామా పట్టుకుని వెళ్తే ఒక రేకుల షెడ్డు, నాలుగు మగ్గాలు, చెవులు పగిలే చప్పుడు. ఆయనకు అరవై దాటి ఉంటాయి. అన్నీ అరిచే చెప్తాడు, ఆ చప్పుడులో ఇంకోలా చెప్పే వీలు లేదు. మెత్తబడతాడేమో అనుకున్నాను. ఏమీ మెత్తబడలేదు. "బదులు ఏం దెచ్చినవ్?" అన్నాడు. గుర్తుగా ఉంచుకున్న క్యాసెట్ ఇచ్చాను. పెన్సిల్ పెట్టి తిప్పి, వెలుతురులో చూసి, రెండు వైపులా వేసుకుని విన్నాక గానీ బాపుది బయటికి తీయలేదు.

"పాటల మీద గట్ల మాట్లాడద్దు. మంచి పాటలు ఖరాబైనయి" అన్నాడు.

"ఎక్కియ్యలే గదా అన్నా?" అని అరిచాను.

"ఎక్కిస్తుంటి. రికార్డు బటన్ పనిజేస్తలేదు."

నాకు నోటిదాకా చాలా వచ్చింది. మింగేసి, ఆ పాడైన బటన్‌కు మనసులోనే దండం పెట్టుకుని, క్యాసెట్ తీసుకుని జగిత్యాల బస్సెక్కాను. దారంతా సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. అమ్మ లేకుండా వినకూడదనిపించింది.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. సంగతి చెప్పాను. ఆమె కొంగు సర్దుకుంది, ఎవరో ఇంటికి వచ్చినట్టు. బటన్ నొక్కాను.

బాపు ఎండ గురించి చెప్పాడు. పక్క మంచం మీద పడుకునే ఆయన గురక గురించి చెప్పాడు. "చిన్నోడు బడికి పోతుండా?" అని తమ్ముడి గురించి అడిగి ఆగాడు. టేప్ కొంతసేపు ఊరికే తిరిగింది. "మంచిది" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, అది ఆయన అలవాటు. అడుగుతాడు, మేము జవాబు చెప్పేంతసేపు ఆగుతాడు, విన్నట్టే మంచిది అంటాడు. ఇట్లాంటిది నేనెట్లా మరిచిపోయాను? "నీ నడుమునొప్పి తక్కువైందా?" అన్నాడు. అది అమ్మకు. అమ్మ టేప్‌రికార్డర్ వైపు చూస్తూ తల ఊపింది. "మంచిది" అన్నాడు.

"బిడ్డా, ఈసారి అచ్చేటప్పుడు నీకేం తేవాలె? చెప్పు."

ఆగాడు. అందరికంటే నాకే ఎక్కువసేపు ఇచ్చాడు. పదకొండేళ్లప్పుడైతే పెద్ద జాబితా చెప్పేదాన్ని. నడివయసు దాటిన మనిషిని, అమ్మ ముందు, ఒక ప్లాస్టిక్ డబ్బాతో మాట్లాడాను.

"ఏమద్దు బాపు. నువ్వు రా, సాలు."

"సరె బిడ్డా, తెస్త" అన్నాడు. వెంటనే సగంలో తెగిన పాట మొదలైంది.